తనిఖీకి వచ్చిన దెయ్యాలు

బడికి పుస్తకాలు ఎంచమని హెడ్మాస్టరు అనగానే లైబ్రేరియన్ పొంగిపోయింది. పిల్లల్నే అడిగి అడిగి దెయ్యాల నవలలు, సాహస నవలలు ఏరింది.

పుస్తకాలొచ్చాయి. "తనిఖీ అయ్యేదాకా బీరువా తాళం తీయకండమ్మా, అట్టలు నలుగుతాయి" అన్నాడాయన.

ఆరో తరగతి పిల్ల ఒకతి రోజూ బీరువా అద్దానికి ముక్కు ఆనించి పుస్తకాల పేర్లు చదువుకునేది. "తనిఖీ కానీ తల్లీ, మొదటిది నీకే" అంది లైబ్రేరియన్.

తనిఖీ అధికారి తెగ మెచ్చుకుని వెళ్లాడు. సాయంత్రం పుస్తకాల షాపు వ్యాను వచ్చింది.

"కొన్నామనుకున్నారా? అద్దెకు తెచ్చాం. మీరూ ఓ చెయ్యి వేయండి" అన్నాడు హెడ్మాస్టరు.

ఆమె చెయ్యి వేసింది.

మర్నాడు ఖాళీ బీరువా ముందు ఆ పిల్ల నిలబడి ఉంది.

"దెయ్యాలు ఎత్తుకుపోయాయమ్మా" అంది లైబ్రేరియన్, నవ్వబోతూ.

పిల్ల నవ్వలేదు.

"నిన్న వ్యానులోకి మోసింది మీరేగా, మేడమ్?"