అరుగు మీద అట్టపెట్టె

దొంగని పట్టుకునే పని హెడ్డాఫీసు వాళ్లు దొంగకే అప్పజెప్పారు.

హరిబాబుకి నవ్వాగలేదు. ఫోన్ పెట్టేసి, గోడౌన్ తలుపు దగ్గరగా వేసుకొని మరీ నవ్వుకున్నాడు.

చోడవరం నుంచి దేవరాపల్లి వెళ్లే రోడ్డులో ఉంది ఆ గోడౌన్. ఊళ్లవాళ్ల సరుకు తీసుకొని, కంటైనర్లో సర్ది, సీలు వేసి, విశాఖ పోర్టు మీదుగా ఓడెక్కించే కంపెనీ అది. సొంత సరుకంటూ బెల్లం ముక్క కూడా ఉండదు. ఒకరి సరుకు ఇంకొకరికి చేర్చి బతకడమే దాని వ్యాపారం. దానికి హరిబాబు ఇన్‌ఛార్జి. ఏడాదిగా దుబాయ్ వెళ్లే జీడిపప్పు లోడుకి ఒక పెట్టె చొప్పున తన బైకెక్కిస్తున్నాడు. సముద్రానికి అవతల పెట్టె తగ్గితే ఇవతలి వాణ్ని ఎవడనుమానిస్తాడు?

అనుమానించారు. విశాఖ మేనేజరు ఉదయ్‌కుమార్ ఫోన్లో గొంతు తగ్గించి చెప్పాడు.

"ఈసారి ఒక పెట్టెలో ట్రాకర్ పెట్టించాం హరిబాబూ. సోమవారం లోడింగులో పెట్టె తగ్గిందా, ఎస్సైని తీసుకొని నేరుగా అదున్న చోటికే వెళ్తాం. అందాకా అందరి మీదా కన్నేసి ఉంచడం మీ పని. ఈ సంగతి మీకు తప్ప పురుగుక్కూడా తెలీకూడదు."

ఆ ట్రాకర్ చవకరకం. పెట్టె ఇప్పుడెక్కడుందో చెబుతుంది గానీ నిన్నెక్కడుందో చెప్పదు. పెద్ద కంపెనీలు పొదుపు చేసేది కాపలా దగ్గరే.

ఆ వారానికి చేతులు కట్టుకు కూర్చుంటే హరిబాబుకి ఏ బాధా లేకపోను. కానీ గేటు దగ్గర నోవహు ఉన్నాడు. పదకొండేళ్లుగా అదే స్టూలు మీద కూర్చున్న వాచ్‌మన్. ఎవరొచ్చినా ఎవరెళ్లినా టైముతో సహా పుస్తకంలో రాస్తాడు. మధ్యాహ్నం పూట తనని టీకి పంపాక హరిబాబు బైకు ఎన్నిసార్లు బయటికెళ్లిందో కూడా టీకొట్టు నుంచే చూసి ఈమధ్య రాస్తున్నాడు. ఆ పుస్తకం ఎవరైనా తీరిగ్గా చదివితే హరిబాబు ఉద్యోగమే కాదు, హరిబాబు కూడా లోపలికే.

శనివారం పొద్దున నోవహు తల గోక్కుంటూ వచ్చాడు.

"రేపు మాకు కోత పండగండి. సెలవు కావాల."

"సెంటు భూమి లేనోడివి, నీకు కోతేటి, పండగేటి?"

"ఉన్నోళ్లు గుమ్మడికాయో కోడిపెట్టో తెస్తారండి. చర్చిలో పెట్టి ఏలం పాడతాం. ఎవలైనా ఇవ్వొచ్చు, ఎవలైనా పాడొచ్చు. ఇచ్చినోల పేరు మాత్రం సెప్పం, దేవుడికి తెలిస్తే సాలు. మీరూ ఏదో ఒకటి పంపండి బాబూ."

హరిబాబు బుర్రలో దీపం వెలిగింది.

"పంపుతాన్లే," అన్నాడు నవ్వుతూ. "నీ ఇంటికే పంపుతాను."

టేపు కాస్త కొత్తగా మెరుస్తున్న పెట్టె ఒక్కటే ఉంది. ట్రాకర్ దాన్లోనే అన్నమాట. మధ్యాహ్నం నోవహుని టీకి పంపి, పెట్టె మీది చీటీ చింపేసి, బైకెక్కించాడు. నోవహు ఇంటికి గొళ్లెం పెట్టి ఉంది. అతని భార్య జ్ఞానమ్మ చెరుకు నరకడానికి పోయే వేళ. అరుగు మీద పెట్టె పెట్టి, గేరు మార్చినంత సులువుగా వచ్చేశాడు.

ఊరికే వచ్చిన జీడిపప్పు. పేదవాడు వదులుతాడా? సోమవారానికి సగం పొట్టలో, సగం మంచం కింద దొరుకుతుంది. పేదవాళ్ల గురించి హరిబాబుకి అంత నమ్మకం.

ఆదివారమంతా విశాఖలో చెల్లెలింట్లో గడిపి, సోమవారం బస్సు దిగి నేరుగా గోడౌన్‌కే వచ్చాడు.

లోడింగులో ఒక పెట్టె తగ్గింది. ఉదయ్‌కుమార్, ఎస్సై జీపులో దిగారు.

"మనిషి మీద నింద వెయ్యడం నాకిష్టం లేదు సార్," అన్నాడు హరిబాబు బాధగా. "కానీ గేటోడికి తెలీకుండా గేటు దాటుద్దేటి?"

నోవహుని జీపు వెనక ఎక్కించారు. పదకొండేళ్ల స్టూలు వైపు ఒకసారి చూసుకున్నాడు తప్ప పెదవి విప్పలేదు.

పేట మలుపు దగ్గర హరిబాబు ముందుకి వంగాడు. "ఎడమకి సార్. ఈడి ఇల్లు అటే."

"ఫోన్ కుడికి చూపిస్తోందండీ," అన్నాడు ఉదయ్‌కుమార్.

జీపు కుడికి తిరిగింది. షుగరు ఫ్యాక్టరీ రోడ్డు పట్టింది. ఆకుపచ్చ గేటు ముందు ఆగింది. నేతిలో వేగుతున్న జీడిపప్పు వాసన వీధిలోకి కొడుతోంది.

గేటు తీసింది హరిబాబు భార్య నూకరత్నం. చేతిలో గరిట. ఎస్సై పెట్టె సంగతి అడిగాడు.

"పెట్టా? నిన్న చర్చి ఏలంలో పాడేనండి. జ్ఞానమ్మ రమ్మని పిలిస్తే వెళ్లేను. ఆఖరి పాట నాదే!" అంది గొప్పగా. "పెట్టెలో నల్ల బిళ్ల కూడా వచ్చింది. ప్రైజనుకొని షోకేసులో పెట్టేను."

హరిబాబుకి చెమట పట్టింది. మరుక్షణమే ఆరిపోయింది. మరీ మంచిదే! అరుగు మీది పెట్టె నోవహు చేతుల మీదుగానే కదా అమ్ముడైంది!

"సూసేరా సార్!" అని అరిచాడు. "దొంగసొత్తు దేవుడి పేరు సెప్పి నా పెళ్లానికే అమ్మేడు! ఒరే నోవహూ, ఆ పెట్టె నీకెక్కడిదిరా?"

నోవహు ఎస్సై వైపు చూశాడు, హరిబాబు వైపు చూశాడు.

"మాట తప్పినట్టవుద్దేమో. సెప్పమంటారా బాబూ?"

"సెప్పరా! ఎస్సై గారి ముందే సెప్పు!"

నోవహు హరిబాబుకి రెండు చేతులూ జోడించాడు.

"మీరన్నట్టే శనివారం మా అరుగు మీద పెట్టి ఎళ్లిపోయేరు కదండి. దడి ఎనకాల మేకకి ఆకేస్తా మా జ్ఞానమ్మ సూసింది. ఇచ్చినోల పేరు బయటపెట్టకూడదనే ఇంతవరకూ నోరిప్పలేదు."