గేటు అవతల లెక్క

పెద్ద వరద వచ్చిన మరుసటేడు సర్కారు ఆస్పత్రులకు మార్కులు వేయడం మొదలైంది. వార్డులో చావులు ఎంత తగ్గితే మార్కులు అంత పెరుగుతాయి. అప్పట్నుంచి రోగుల కన్నా నర్సులకే ఎక్కువ జ్వరం.

వరదప్పుడు శవాలు మోయడానికి కూలికి తీసుకున్నవాళ్ళలో స్ట్రెచర్ తోసే అతనొక్కడే ఒక ఆస్పత్రిలో మిగిలాడు. ఈసారి మార్కుల్లో ఆస్పత్రికి మొదటి స్థానం వస్తే పర్మినెంటు చేయిస్తానని హెడ్ నర్సు మాటిచ్చింది. రాకపోతే ఇంటికే. అతను నోట్లో నాలుక లేని మనిషి. ముసలివాళ్ళందరినీ అమ్మా, నాన్నా అనే పిలిచేవాడు. పేర్లు గుర్తుపెట్టుకునే బాధ ఉండదని.

మార్కులు వేసేవాళ్ళు వచ్చే రోజు రానే వచ్చింది. కిటికీ పక్క మంచం మీది ముసలమ్మ సాయంత్రం దాకా ఆగదని డాక్టరు చెప్పి వెళ్ళాడు. హెడ్ నర్సు తల పట్టుకుంది.

"గేటు లోపల పోతే మన లెక్క. గేటు దాటాక పోతే మునిసిపాలిటీ లెక్క," అంది. "కానీ నా అన్నవాళ్ళుంటే గొడవ చేస్తారయ్యా. ఈవిడకెవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరండీ," అన్నాడతను.

ముసలమ్మ అతని వంక చూసింది. నర్సు వంగి ఆమెనే అడిగింది.

"ఎవరూ లేరు తల్లీ," అంది ముసలమ్మ.

అతను ఆమెను ఎత్తి స్ట్రెచర్ మీద పడుకోబెట్టాడు. చేతుల్లో ఏమీ లేనట్టే ఉంది. వరండాలో గచ్చు లేచిపోయిన చోట ఆగి ఆగి తోశాడు.

"తిన్నావా నాయనా?" అంది. ముసలివాళ్ళంతా అతన్ని అడిగే మాటే.

"తిన్నానమ్మా."

"నీ పని పోదుగా?"

"పోదమ్మా."

"అయితే తొయ్యి."

గేటు బయట గోడ నీడలో బెంచీ ఉంది. దాని మీద పడుకోబెట్టాడు. దుప్పటి ఆస్పత్రి సొత్తు కాబట్టి మడిచి వెనక్కి తెచ్చాడు.

వచ్చినవాళ్ళు వార్డంతా తిరిగారు. కిటికీ పక్క మంచం మీద ఉతికిన పక్కబట్టలు చూసి ముచ్చటపడ్డారు. బతికినవాళ్ళు ఎలా ఉన్నారని మాత్రం అడగలేదు. పొద్దు వాలకముందే మొదటి స్థానం ఖాయమైంది. హెడ్ నర్సు మాట నిలబెట్టుకుంది. అదే వేళకు గేటు బయట మునిసిపాలిటీ బండి వచ్చి ఆగింది.

మర్నాడు పొద్దున్నే అతను పర్మినెంటు ఉద్యోగిగా మొదటి సంతకం పెట్టి, నిన్న గేటు అవతల కన్నతల్లి పోయిందని చెప్పి, రెండు రోజులు సెలవు అడిగాడు.