సేటు వెర్బులు

“కాపిట్యులేట్ అంటే?”

“లొంగిపోవుడు, సేటు. ఇగ ధర తగ్గియ్యాలె.”

“ప్రొక్రాస్టినేట్?”

“నాన్చుడు. తగ్గియ్యకుంట మాటల్ల పెట్టాలె.”

“ఎంబెల్లిష్?”

“ఉన్నదానికి లేనిది అతికిచ్చి చెప్పుడు.”

నిజామాబాద్‌లో చీరల దుకాణం నడిపే నాగేందర్ తృప్తిగా తలూపాడు. కౌంటర్లో పనిచేసే నవతకు వారం రోజులుగా ఇదే పాఠం. కొనేవాళ్ల ముందు ధర సంగతి మాట్లాడుకోవడానికి అతనికో రహస్య భాష కావాలి. ఉర్దూ ఊరందరికీ వచ్చు. మరాఠీలో చెబితే బోధన్ అవతలి నుంచి వచ్చినవాళ్లు పకపకా నవ్వారు. మామూలు ఇంగ్లీషైతే వెంట వచ్చిన పిల్లలే విప్పి చెబుతున్నారు. పనివాళ్లకైనా పైసా తగ్గించని నాగేందర్, పోయిన పెళ్లిళ్ల సీజన్‌లో బేరాలన్నీ ఓడాడు. ఈసారీ ఓడితే ఎదురు దుకాణం బామ్మర్ది ముందు తలెత్తుకోలేడు.

“నీ వెర్బుల పుస్తకం ఇంటికి గూడ తీస్కపోతున్న సేటు. వంట చేసుకుంట గట్టిగ చదువుత.”

“శభాష్!”

పదకొండింటికి ఒక ముసలమ్మ వచ్చింది.

“చిన్నకొడుకు పెండ్లి, బిడ్డా. పదకొండు చీరలు గావాలె.”

నాగేందర్ కళ్లు మెరిశాయి.

“ఒక్కోటి రెండు వేలు, అవ్వా.”

“పన్నెండు నూర్లు.”

“నవతా, ఎంబెల్లిష్!”

“గీ అంచు చూడవ్వా. నేసేటాయనకు మూడు నెలలు వట్టింది,” అంది నవత.

“మూడు నెలలా? మిషన్ మీద మూడు గంటలు!”

“ప్రొక్రాస్టినేట్!”

నవత చాయ్ తెప్పించింది. ముసలమ్మ నింపాదిగా తాగి, “నాకు టైమ్ మస్తున్నది,” అంటూ గోడకు చేరగిలబడింది. ఇంకో చాయ్ కూడా తాగింది. చివరికి లేచి చెప్పులు వేసుకోబోయింది.

నాగేందర్‌కు చెమటలు పట్టాయి. ఇంత పెద్ద బేరం బామ్మర్ది దుకాణానికి పోతుందా?

“కాపిట్యులేట్,” అని గొణిగాడు.

నవత ఇంకా నోరు తెరవనేలేదు. ముసలమ్మ వెనక్కి వచ్చి కూర్చుంది.

“గిప్పుడు తోవకొచ్చినవ్. ఒక్కోటి వెయ్యికి కట్టు.”

అడిగినదానికంటే ఇంకా తక్కువకే చీరలు మూటయ్యాయి. నాగేందర్ తల పట్టుకున్నాడు.

“ఇంగ్లీషు బంద్! రేపటి సంది సంస్కృతం!”

నవత మూట మోసుకుంటూ ముసలమ్మను ఆటో దాకా సాగనంపింది. చుట్టూ ఒకసారి చూసి, ఆమె చెవి దగ్గరికి వంగింది.

“రేపటి సంది సంస్కృతం నేర్చుకోవాలె, అత్తమ్మా.”