ముఖం లేని సినిమా

"ఆపండయ్యా ఈ సప్పట్లు!"

జేకేపూర్ కాలనీ క్లబ్బులో మల్లేశ్వరరావు అరుపుకి అందరూ వెనక్కి తిరిగారు. సినిమా అప్పుడే అయింది. పెద్ద టీవీలో క్యాసెట్ పెట్టి వేసిన పావుగంట సినిమా. మాటల్లేవు, పాటల్లేవు, కథ అసలే లేదు. మొదలెట్టిన దగ్గర్నుంచి రెండు ఆడ చేతులు చింతపండులో పిక్కలు తీస్తూనే ఉన్నాయి. అంతే.

"ఇదేటి సినిమా? మడిసి ముకం లేకండా సినిమా ఏటి, నా బొంద!"

తీసినవాడు వంశీ. మల్లేశ్వరరావు బావమరిది కొడుకే. ఎక్కడికో వెళ్లి సినిమాలు తీయడం చదువుకొచ్చాడు. ఇప్పుడు టీవీ పక్కన తల దించుకుని నిలబడ్డాడు.

గుణుపురం కాలేజీలో పాఠాలు చెప్పే సుజన మేడం సర్దిచెప్పబోయింది.

"ముఖం చూపించకపోవడమే ఇందులో ప్రయోగమండీ. ఆ చేతులు ఒక్క మనిషివి కావు. కష్టపడే ఆడవాళ్లందరివీ."

మల్లేశ్వరరావుకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"అందరివీ ఏటమ్మా? అవి మా కన్యక సేతులు! ఆ మణికట్టు మీద మచ్చ సూసేరా? అరిసెలొండుతుంటే నూనె సిందింది. ప్రయోగమట, ప్రయోగం!"

మల్లేశ్వరరావు భార్య కన్యకాపరమేశ్వరి పోయి ఇంకా ఏడాది కాలేదు. రాయగడలో వాళ్ల హోల్‌సేల్ దుకాణం వెనక పెరట్లో, ఆవిడ పోయే ముందు వేసవిలో వంశీ తీసిన సినిమా ఇది. పెళ్లిఫొటోని చెదలు తినేశాయి. ఇంట్లో ఆవిడది ఇంకో ఫొటో లేదు. సంవత్సరీకం దగ్గరికొచ్చేస్తోంది, దండ వేద్దామంటే పటం లేదు. సినిమాలోనైనా కనబడకపోతుందా, టీవీ మీంచే ఫొటో తీయించుకుందాం అని, పాపం, ఫొటో స్టూడియో లక్ష్మణని కెమెరాతో సహా వెంటబెట్టుకొచ్చాడు.

"సొంత మేనత్తరా నీకు! ఒక్కపాలి ముకం సూపిస్తే నీ సొమ్మేటి పోయింది? నీ పేరు కోసం మా ఆడదాని ముకం కోసేసేవురా!"

బల్ల మీద ఒక్క గుద్దు గుద్దాడు. వేలికున్న పచ్చరాయి ఉంగరం ఠంగుమంది.

"ఇంటికెల్లి సెప్తాను మావయ్యా."

"ఇక్కడే సెప్పు, అందరి ముందరా సెప్పు! నువ్వు కోసేసిన ముక్క ఉంటాది కదా? అదెయ్యి."

"వద్దు మావయ్యా. నీ కాళ్లట్టుకుంటాను."

"ఎయ్యమంటే ఎయ్యరా!"

వంశీ సంచీలోంచి ఇంకో క్యాసెట్ తీశాడు. ఎవరి వంకా చూడకుండా వీసీఆర్‌లో పెట్టాడు.

మళ్లీ అవే చేతులు. ఈసారి గొంతు కూడా వినబడింది.

"ఒరే వంశీ, సేతులే తీస్తావేటిరా? నన్ను తియ్యవా?"

కన్యక గొంతు! మల్లేశ్వరరావు కోపం ఎక్కడికి పోయిందో పోయింది. కుర్చీలు తోసుకుంటూ టీవీ ముందుకెళ్లి కింద చతికిలబడ్డాడు.

"లచ్చనా, నొక్కడానికి రడీగా ఉండు. వచ్చేస్తంది, అదిగో వచ్చేస్తంది!"

చేతులు చింతపండు పక్కన పెట్టాయి. కొంగు సర్దుకున్నాయి. కెమెరా మెల్లగా పైకి లేచింది. మెడలో నల్లపూసలు, ఆ పైన నవ్వుతున్న గడ్డం కనబడ్డాయి.

అంతలో "ఫొటో తీస్తే ఆయుస్సు తగ్గిపోద్దిరా, దాని ముకం తియ్యకు!" అన్న కేక వెంటే పచ్చరాయి ఉంగరమున్న చెయ్యొకటి అడ్డొచ్చి, టీవీ అంతా చీకటి చేసేసింది.