ఉయ్యాలకు కట్టిన ఊరట

పురుడు వచ్చిన ప్రతి ఇంట్లోనూ ఇప్పుడు ఉయ్యాలకు ఒక ఊరట కడుతున్నారు. గవ్వంత యంత్రం. బాలింత మనసు కనిపెట్టి మాట్లాడుతుంది. మాకు మొదట వచ్చినది ఎప్పుడూ "కోపంగా ఉందా? గట్టిగా ఊపిరి పీల్చండి" అనేది. మా కోడలు ధాత్రి దాన్ని నీళ్ల బకెట్లో పడేసింది.

తర్వాత వచ్చినది మన ఇళ్ల తీరు తెలిసినది. "కోపంగా ఉందామ్మా?" అంటే ధాత్రి "అబ్బే, లేదండీ" అంది. అది మళ్లీ అడగలేదు, ఓపిగ్గా ఆగింది.

సాయంత్రం పిల్లకు నూనె రాస్తూ ధాత్రి మొదలుపెట్టింది. "చూశావటే? వచ్చినవాళ్లంతా నిన్నే ఎత్తుకుంటారు. మీ అమ్మ తిందో లేదో అడిగే దిక్కు లేదు."

వంటింట్లో ఉన్న నాకు వినపడాలనే ఆ మాట. మా అత్తగారితో నేనూ అలాగే మాట్లాడేదాన్ని.

ఊరట కూడా పిల్లతోనే అంది. "బంగారూ, మీ అమ్మకి కోపం రావడం తప్పేం కాదు. మీ నాయనమ్మకీ అప్పట్లో వచ్చే ఉంటుంది. ఆవిణ్ణి ఎవరైనా అడిగారేమో కనుక్కో."

నా చేతిలో గరిటె ఆగిపోయింది. మన ఆడవాళ్లు కోపాన్ని పసిపిల్లకే చెప్పుకుంటారని దానికి ఎవరు నేర్పారో గాని, వాళ్ల కడుపు చల్లగా ఉండ!

వెళ్లి ఉయ్యాల పక్కన కూర్చున్నాను. "ఎవరూ అడగలేదే తల్లీ," అన్నాను పిల్లతో. "మీ నాన్న పుట్టినప్పుడు నాకు కొంప తగలబెట్టాలనిపించేది."

ధాత్రి తలెత్తింది. ఈసారి నాతోనే అంది. "నాకూ అలాగే ఉందత్తయ్యా."

"ఉండదూ మరి! ముందు అన్నం తిందువుగాని రా. తర్వాత ఇద్దరం కలిసి తగలబెడదాం."