ఒక ఇటుక చోటు

గంట గోపురం నమూనాలో మళ్లీ ఒక ఇటుక లేదు.

సత్యరాజు మాస్టారికి ఒళ్లు మండింది.

ఆయన నిరుడు జూన్‌లో ఈ మిషన్ బడికి బదిలీ మీద వచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచీ ఊళ్లో వంకరలన్నీ ఆయన కంటికే కనిపిస్తున్నాయి.

పంతొమ్మిది వందల ఇరవై ఎనిమిదిలో కట్టిన చర్చి గంట గోపురానికి ఈ ఆదివారం నలభై ఏళ్ల పండగ. శ్రీకాకుళం నుంచి పెద్దలొస్తారు. వాళ్లకి చూపించడానికి మాస్టారు నెల రోజులుగా ఈ నమూనా కడుతున్నాడు. మిషన్ దొరగారి పిల్లలు తమ దేశం వెళ్లిపోతూ వదిలేసిన ప్లాస్టిక్ బొమ్మ ఇటుకలు పెట్టెడు ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి నొక్కితే బిగుసుకుంటాయి.

అసలు గోపురానికి దక్షిణపు గోడలో, బాగా ఎత్తున, ఇటుక పట్టేంత బొక్క ఒకటుంది. మేస్త్రి మరిచిపోయి ఉంటాడనుకుని మాస్టారు తన నమూనాలో ఆ తప్పు దిద్దాడు.

ఆ ఇటుకే ఇప్పుడు లేదు. పొద్దున ఊడి బల్ల మీద పడుంటే తీసి పెట్టాడు. ఇప్పుడు బల్ల మీద కూడా లేదు.

వరండాలో ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. మోకాళ్ల దాకా పంచె, భుజాన తువ్వాలు. ఎవరో పరాయి ఊరివాడు, పొద్దున్నుంచీ ఇక్కడే తచ్చాడుతున్నాడు.

"ఇటుక నువ్వే తీశావా?"

"తీసినాను బాబూ. ఆడ ఇటిక ఉండదు."

"ఇది కట్టింది నువ్వా, నేనా?"

ముసలాయన నమూనాకేసి చూశాడు.

"ఇది మీరే కట్టినారు బాబూ."

"మరి నీకెందుకు?"

"ఆ బొక్క అలాగే ఉండనియ్యండి. మీకు దణ్ణమెడతాను."

"దొంగతనం చేసి నాకే పాఠం చెప్తున్నావా? రొండిన ఏముందో తియ్యి."

పిల్లలంతా కిటికీల దగ్గర మూగారు. ముసలాయన వాళ్లందరి ముందూ రొండి విప్పాడు. పొగాకు ముక్కా, ఎర్ర ఇటుకా బయటపడ్డాయి. ఇటుకని బల్ల మీద పెట్టాడు.

"ఇటిక మీదే బాబూ. ఆ సోటు మాత్రం మీది కాదు."

"ఇంకోసారి బడిలో గాని, చర్చి ఆవరణలో గాని కనిపించావంటే పోలీసులకి పట్టిస్తాను. నడు."

ముసలాయన గోపురం కేసి ఒకసారి తలెత్తి చూసి, నరసన్నపేట బస్సాగే రోడ్డు వైపు వెళ్లిపోయాడు.

మాస్టారు ఆ ఇటుకని రెండు బొటనవేళ్లతో గట్టిగా నొక్కి బిగించాడు.

సాయంత్రం చర్చి తుడిచే ఎలీసమ్మ వచ్చింది. నమూనా చుట్టూ తిరిగి మురిసిపోయింది. దక్షిణం వైపు వచ్చేసరికి ఆగింది.

"బొక్కేదీ?"

"మేస్త్రి మరిచిపోయాడు. నేను పూడ్చాను."

"మరిసిపోనేదు నాయనా. పరంజా కర్రలు గుచ్చడానికి గోడలో బొక్కలొగ్గుతారు. పనయ్యాక కర్రలు తీసి, పైనుంచి ఒక్కో బొక్కా పూడ్సుకుంటా దిగుతారు. ఆడ గుచ్చిన కర్ర ఇరిగి, ఇటికలు మోస్తన్న మేస్త్రి పెళ్లాం పడి సచ్చిపోనాది. మిగతావన్నీ పూడ్సినాడు గాని, అదొక్కటీ పూడ్సనేకపోనాడు. అప్పటి దొరగారు కూడా పూడ్సమననేదు."

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. వంకరలు వెతికే కంటికి మనిషి కనపడలేదు. గబగబా ఇటుక ఊడదీయబోయాడు. గోళ్లు నొప్పి పుట్టాయి గాని అది రాలేదు. అంత గట్టిగా బిగించింది తనే. ఎలీసమ్మ మొహం చూడలేక, ఆ ఇటుకనే పట్టుకుని సిగ్గుతో తల వంచుకున్నాడు.

ఎలీసమ్మ గుమ్మంలోకి వెళ్లి రోడ్డు కేసి చూసింది.

"పెళ్లాం పోయిన రోజని ఆ అప్పలసూరి మేస్త్రి ఏటా ఈయాల వస్తాడు. ఆ బొక్క కింద పొద్దు గూకేదాకా కూకుని ఎల్తాడు. గంజి కాసి ఉంచినాను, ఈ యేడు ఇంకా రానేదు. నువ్వు గాని సూసినావేటి మాస్టారూ?"