మడి కబడ్డీ

వశిష్ఠ కాలేజీ కబడ్డీ జట్టు గోదావరి లీగుకు దణ్ణం పెట్టి, సముద్ర లీగులో చేరింది. ఇప్పుడు దాని ప్రత్యర్థులు మలేషియాలోనో మారిషస్‌లోనో ఉంటారు. ఎవరి బరిలో వాళ్ళుండి, తమ ముందు వెలుతురుతో కట్టి నిలబెట్టిన అవతలివాళ్ళ వెలుగుబొమ్మలతో ఆడతారు.

ఆ కాలేజీలోనే చదువుకున్న వీరభద్రం పూజ ముగించి గోడతెర ముందు కూర్చున్నాడు. తమ కుర్రాడు కూతపెడుతూ వెళ్ళి వెలుగుబొమ్మలో చెయ్యి పెట్టాడు. పాయింటు వచ్చింది.

"ఛీ! ముట్టుకోకుండా కబడ్డీ ఏమిటే?"

"మడి కబడ్డీ అనుకోండి," అంది భార్య కామాక్షి.

ఇంతలో ఏటి అవతల నుంచి బావ పేర్రాజు ఫోను. ఆయనది గౌతమి కాలేజీ పక్షం. ఏటా ఈ రెండు జట్లకే పోరు.

"ఏరా భద్రం, మీవాళ్ళు పారిపోయారు. ఈ కార్తీకంలో నేనెవణ్ణి తిట్టాలిరా?"

మా కాలేజీ పిల్లలు పైకొస్తుంటే ఏడవడం పాపమా స్వామీ, అని వీరభద్రం దేవుణ్ణి అడిగాడు. రోత తగ్గలేదు. తెర ఆపి పడవెక్కాడు.

గౌతమి బరిలో దుమ్ము లేస్తోంది. ఏదో చిన్న ఊరి జట్టుతో ఆట. పేర్రాజు జరిగి చోటిచ్చాడు.

"మావాళ్ళ కోసం వచ్చావా?"

"మీవాళ్ళు ఓడితే చూద్దామని వచ్చాను బావా!" అని బరి వైపు తిరిగి అరిచాడు, "అదేం పట్టురా, చచ్చు వెధవల్లారా!"

పేర్రాజు మొహం వెలిగిపోయింది. "అమ్మయ్య! ఇన్నాళ్ళకి ఆట ఆటలా ఉందిరా," అన్నాడు.